మిఠాయి పైసలు

"సర్కారు దవాఖాన మాట ఇంకోసారి ఎత్తినవంటే మంచిగుండదు, చెప్తున్న" అన్నాడు క్రాంతికుమార్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

తొమ్మిదో నెల కడుపుతో గోడకానుకుని కూర్చున్న స్నేహలత తల ఎత్తలేదు. "తొలికాన్పు. నాకు భయమైతున్నది. అమ్మ పనిచేసేదే ఆడ. పక్కన అమ్మ ఉంటదంటె ఇంకోకాడికి ఎందుకు?"

"మీ అమ్మ ఆడ ఉంటది గనుకనే వద్దంటున్న. జర మెల్లగ మాట్లాడు."

మెల్లగా మాట్లాడమనడానికి కారణం ఉంది. చిక్కడపల్లిలో వాళ్లు కిరాయికున్న రెండు గదులకూ, ఇంటావిడ బాలత్రిపురసుందరి గారి వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. గోడకు ఇవతల అతని అత్తగారు మాసమ్మ కాన్పుల దవాఖానలో ఆయమ్మ. గోడకు అవతల మాత్రం పెద్ద నర్సు. అల్లుడు చెప్పిన మాట అది. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఆమె కట్టుకునే నీలం అంచు తెల్లచీర చూసి ఇంటావిడ నమ్మింది. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పరీక్షలకు పాఠాలు చెప్పే సారుకు అత్త ఆయమ్మ అయితే పోయేదేముందని అడక్కండి. పరువనేది కడుపులో బిడ్డకన్నా గట్టిగా తంతుంది.

"రేపు ఇంటావిడ చూడనీకి వస్తది. నా స్టూడెంట్లు వస్తరు. మీ అమ్మ బకెటు పట్టుకొని వరండా కడుగుతుంటె నా మొకం ఏడ వెట్టుకోవాలె? నారాయణగూడల నర్సింగ్ హోం మాట్లాడిన. అయిపోయింది."

"కనేది నేను. నన్నొక్క మాట అడిగినవా?"

తలుపవతల గాజుల చప్పుడయింది. మాసమ్మ. బిడ్డకు ఇష్టమని సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకొచ్చింది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో, ఎంత విన్నదో!

అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. పెళ్లయిన నాటి నుంచీ తలుపు చాటునే ఉండి, కొంగు మొహం మీదికి లాక్కుని, అల్లుడికి చెప్పేది కూతురికి చెబుతుంది.

"అల్లుడు చెప్పింది మంచిగనే ఉన్నది బిడ్డా. గా నర్సింగ్ హోం నాకెరుకే. మా పెద్ద డాక్టరమ్మ డ్యూటీ దిగినంక పొద్దుమీకి గాడనే కూసుంటది. చెయ్యి చల్లనిది. నేను గూడ సెలవు వెట్టి..."

"మీరు రావద్దు అత్తమ్మా" అన్నాడు క్రాంతికుమార్, నేల చూస్తూ. "తొట్టెల నాడు ఇంటికి రండి. చాలు."

"తొలికాన్పు తల్లిగారిది గద బిడ్డా. తల్లే లేకపాయెనని లోకం ఏమనుకుంటది?"

"లోకానికి నేను చెప్పుకుంట."

తలుపు చాటున డబ్బాను గడప మీద పెట్టిన చప్పుడు.

"అట్లనే. గా దవాఖానల మాసమ్మ కనవడదని చెప్పు బిడ్డా, అల్లునికి."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఆటో పిలిచి ఎక్కించిందీ ఇంటావిడే, ఫ్లాస్కు పట్టుకుని వెంట వచ్చిందీ ఇంటావిడే. నారాయణగూడ నర్సింగ్ హోంలో గచ్చు అద్దంలా మెరుస్తోంది.

"చూశావా, ఆస్పత్రంటే ఇదీ! నువ్వు తెలివైనవాడివయ్యా" అందావిడ.

క్రాంతికుమార్ నిటారుగా కూర్చున్నాడు.

పొద్దువాలే వేళకు డాక్టరమ్మ కారు దిగింది. తలకూ మూతికీ గుడ్డ కట్టుకున్న ఆయమ్మ ఒకామె సంచీ మోసుకుంటూ ఆమె వెనకే వెళ్లింది. ఆకుపచ్చ తెర పడింది. వెంటనే లోపల్నుంచి స్నేహలత కేక.

"అమ్మా! నన్నిడిచి పోకే అమ్మా!"

అతను ఉలిక్కిపడ్డాడు.

"భయపడకు. నొప్పుల్లో అందరం అమ్మనే పిలుస్తాం" అంది ఇంటావిడ.

నిజమే కాబోలనుకున్నాడు. ఎవరో నెత్తి నిమిరినట్టుగా కేకలు తగ్గాయి. ఆ తర్వాత బిడ్డ ఏడ్చింది.

ఆయమ్మ తెర తప్పించుకుని వచ్చి, పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డను చూపించింది. ఆయమ్మ మొహం ఎవరు చూస్తారు? అందరూ ఆమె చేతుల్లోకే చూస్తారు. వీళ్లూ అంతే.

"ఆడపిల్ల! మహాలక్ష్మి!" ఇంటావిడ బిడ్డను అందుకుని ఊపసాగింది. "ఏమయ్యా, అంత పెద్ద నర్సు, మీ అత్తగారు కూతురి కాన్పుకు రాకపోవడమేమిటి?"

"ఆమె ఊళ్లో లేరండి. ఢిల్లీలో ట్రైనింగు" అన్నాడు క్రాంతికుమార్.

ఆయమ్మ కదల్లేదు.

"మిఠాయికి ఏమన్నా ఇవ్వవయ్యా. ఎంతసేపు నిలబెడతావు?" అంది ఇంటావిడ.

అది ఎక్కడైనా ఉన్న మామూలే. అతను జేబులోంచి ఒక నోటు తీసి, పిల్లమీది చూపు తిప్పకుండానే అందించాడు. ఫినాయిలుకు పగిలి గరుకెక్కిన వేళ్లు దాన్ని అందుకున్నాయి. నోటును కళ్లకద్దుకుని ఆయమ్మ తెర వెనక్కి వెళ్లిపోయింది.

తెర ఇంకా ఊగుతూనే ఉంది. లోపల్నుంచి స్నేహలత గొంతు, నీరసంగానే గానీ వరండాలోకి స్పష్టంగా వినపడింది.

"గుర్తువట్టిండానే అమ్మా?"

ఇంటావిడ బిడ్డను ఊపడం ఆపింది.

"లేదు బిడ్డా. నా మొకం దిక్కు చూస్తె గద! మిఠాయికి పైసలు గూడ ఇచ్చిండు."