నలుపు తెలుపు నిఘా

“కొత్తపేట రైతుబజార్ ఇంటి పక్కన్నే ఉండంగ కొత్తిమీర కట్టకు ఎల్‌బీనగర్ పోవుడేంది?”

బిక్షమయ్య ప్లాస్టిక్ సంచిని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. దాని మీద ఎల్‌బీనగర్ దుకాణం పేరు ఎర్రగా అచ్చేసి ఉంది.

“ఆడ తాజాగ ఉంటది మామా,” అంది కోడలు సుమలత, పప్పు కలుపుతూ.

“రైతులు పొద్దుగాల కోసుకొచ్చినదానికంటె తాజానా?”

“కొత్తిమీరకు గూడ పంచాయితేనా? పప్పుల ఎయ్యకుంటె మల్ల మీరే అంటరు.”

 ఆయన సంచిని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. ఆధారాన్ని పారెయ్యకూడదని ఈమధ్యనే నేర్చుకున్నాడు.

నేర్పింది ఒక సినిమా. యుద్ధకాలపు గూఢచారి కథ, నలుపు తెలుపుది. ఆర్టీసీలో కొత్తగా చేరిన రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాల్లో చూశాడు. అప్పటికే రీలు అరిగిపోయి, బొమ్మంతా వానలో తడుస్తున్నట్టు గీతలే. ఇన్నేళ్ళకు ఎవరో దాన్ని శుభ్రం చేసి, రెండు డిస్కుల పెట్టెగా విడుదల చేశారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక “పొద్దుపోతది మామా” అని సుమలతే తెప్పించింది. దాన్ని ఆడించే ప్లేయర్ కోసం కొడుకు జితేందర్ పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించాడు.

ఇప్పుడు గీతల్లేవు. శత్రువుకు పటాలు చేరవేసే ఆడమనిషి ముక్కుపుడక మెరుపు కూడా కనబడుతోంది. రెండో డిస్కులోనైతే, ఆ సినిమాకు పనిచేసిన ఒక పెద్దాయన కూర్చుని, ఆమెను వెంబడించే ఘట్టం ఎలా తీశారో విడమరిచి చెప్తాడు. రోడ్డుకు అవతలి పక్కన నడవాలి. మనిషిని కాదు, దుకాణాల అద్దాల్లో ఆమె నీడను చూడాలి. ఆమె ఆగితే మనమూ ఏదో బేరమాడుతున్నట్టు ఆగాలి.

బిక్షమయ్య ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వేసుకునేవాడు. నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టర్ ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయిని “నొస్తున్నది, రేపు రా” అని గుమ్మంలోంచే పంపేసేవాడు.

సుమలత మాత్రం రోజూ ఎండ చల్లబడగానే చీర మార్చుకుని బయలుదేరుతోంది. ఎక్కడికంటే “గీడికే మామా” అంటుంది. జితేందర్ ఆఫీసు నుంచి వచ్చేలోపు తిరిగొచ్చేస్తుంది. జితేందర్ ఒట్టి అమాయకుడు. తల్లి పోయాక ఈ పిల్లే వచ్చి మళ్ళీ ఆ ఇంటికి కళ తెచ్చింది. ఆ సంసారమే చీలిపోతే? బిక్షమయ్యకు అన్నం సయించలేదు.

ఒక సాయంత్రం కర్ర పట్టుకుని కోడలి వెనకే దిగాడు. గల్లీ మలుపు చేరేసరికి మోకాలు భగ్గుమంది. కోడలు మాయం. మర్నాడు పళ్ళు బిగబట్టి మెట్రో పిల్లర్ల దాకా వెళ్ళాడు. ఆపైన ఇంకాస్త ముందుకు.

ఆమె వాలకం చూసేకొద్దీ అనుమానం ముదిరింది. షేర్ ఆటోలు పక్కనే ఆగి “ఎల్‌బీనగర్, ఎల్‌బీనగర్” అని గొంతు చించుకుంటున్నా ఎక్కదు. ఆటోవాళ్ళు మొహం గుర్తుపెట్టుకుంటారనా? కాసేపటికోసారి ఏదో ఒక దుకాణం ముందు ఆగి ఫోను చూసుకుంటుంది. ఎవరో దారి చెబుతున్నారన్నమాట. ఆయనకు ఆయాసం తీరేలోపు కదిలేది కాదు గనక సరిపోయింది, లేకపోతే ఏనాడో జారిపోయేది. కర్ర చప్పుడు తనను పట్టిస్తుందని ఒకరోజు దాన్ని ఇంట్లోనే వదిలేశాడు.

ఆ రోజే ఎల్‌బీనగర్ చౌరస్తా చేరాడు. సుమలత బస్టాపులో నిలబడి ఉంది. ఆయన చెరకురసం బండి చాటుకు చేరాడు.

“తాతా, తాగుతవా? లేకుంటె జర పక్కకు జరుగు, గిరాకీకి అడ్డమైతున్నవ్,” అన్నాడు బండివాడు.

“మెల్లగ మాట్లాడు నాయనా!”

అప్పుడు వినబడింది కోడలి గొంతు, ఫోన్లో. “ఆ... ఇయ్యాల చౌరస్తా దాకా ఒచ్చిండు... లే, డౌటేం రాలే... సరే, రాత్రికి అన్ని చెప్త. పెట్టెయ్.”

బిక్షమయ్య బండి చాటు నుంచి తల బయటపెట్టాడు. ఒచ్చిండట! ఎవడు వాడు? చుట్టూ చూశాడు. బస్టాపు నిండా జనమే. హెల్మెట్ పెట్టుకున్నవాడా? సిగరెట్టు ఆర్పుతున్నవాడా? జితేందర్ నిద్రపోయాక చెప్తుంది కాబోలు అన్నీ!

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బిక్షమయ్య ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండానే అన్నాడు.

“జితేందరూ, నేనొకటి అనుకున్న. రేపట్సంది కోడలు ఏడికి పోతె ఆడికి నేను గూడ పోతా.”

“గా కాలుతోని ఎట్ల పోతవ్ నాయిన?”

“కాలుకేమైంది? రోజు పోతలేనా ఎంబడి! ఇయ్యాలైతె కర్ర గూడ లేకుండ చౌరస్తా దాకా పోయొచ్చిన!”

నోరు జారిందని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. జితేందర్ భార్య వంక చూశాడు. సుమలత చారు గిన్నె కింద పెట్టి తల వంచుకుంది. ఆమె కళ్ళు తడిశాయి. దొరికిపోయింది, అనుకున్నాడు బిక్షమయ్య. గెలిచినట్టు మాత్రం లేదు. అయినా గొంతు తగ్గించలేదు.

“చాటుగ రాను బిడ్డా, పక్కన్నే నడుస్త. ఎల్‌బీనగర్‌ల నీకేం పనున్నదో నా కండ్ల ముంగటనే చేసుకో. కాదంటె ఇప్పుడే చెప్పు.”

“కాదనను మామా. రాండ్రి,” అంది సుమలత కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

అసలు సుమలతకు ఎల్‌బీనగర్‌లో ఏ పనీ లేదు, మామను అక్కడిదాకా నడిపించడం తప్ప.