ఏప్రాను లోపలి మీటరు

ఎక్స్‌రే తీసే అమ్మాయికి ఐదో నెల. అందుకని రేడియేషన్‌ను ఆపే సీసం ఏప్రాను మీద, అది తగిలితే టిక్కుమనే మీటరు ఒకటి, లోపల పొట్ట దగ్గర ఇంకొకటి పెట్టుకునేది. ఆ రాత్రి ఆఖరి రోగి వెళ్లాక మెయిన్ స్విచ్ ఆపేసింది. ఏప్రాను విప్పబోతుంటే లోపలి మీటరు టిక్కుమంది. ఆగి, మళ్లీ టిక్కుమంది.

యంత్రం చచ్చిన పాములా పడి ఉంటే ఈ చప్పుడేమిటి? బిడ్డకేమవుతుందోనని పొట్ట పట్టుకుని వరండాలోకి పరుగెత్తింది. టిక్కులూ వెంటే వచ్చాయి.

నేల తుడుస్తున్న ఆయమ్మ నవ్వింది. "కడుపులోవాడు గడియారం గానీ మింగాడా ఏంటే?"

"ఊరుకో ఆయమ్మా, మీటరు పాడైనట్టుంది."

అమ్మాయి రెండు మీటర్లనూ తారుమారు చేసింది. పైకి వచ్చినది నోరు మూసుకుంది. లోపలికి పోయినది టిక్కుమనడం మొదలుపెట్టింది. బయటి నుంచి వచ్చేదైతే ముందు పైదే మోగాలి. సీసం ఆపుతున్నది లోపలి నుంచి, పొట్ట వైపు నుంచి వచ్చేదాన్ని.

"చెమటలు కక్కుతున్నావు, ఆ బరువు తీసెయ్ తల్లీ," అంటూ ఆయమ్మ ఏప్రాను ముడి మీద చెయ్యి వేయబోయింది.

అమ్మాయి ఏప్రానును రెండు చేతులా బిగించి పట్టుకుని గోడకు అతుక్కుపోయింది.

"నా దగ్గరికి రాకు ఆయమ్మా."