యాభై ఎనిమిది కిలోమీటర్లు

“ఒక విమానాశ్రయంలో దింపి ఇంకో విమానాశ్రయంలో ఎక్కమంటాడా ఎవడైనా? పైగా ట్రావెల్స్ నడుపుతాడట మీ తమ్ముడు.” టాక్సీ తలుపు వేస్తూనే అందుకున్నాడు భర్త.

ఆమె ఫోనులో దారి చూసింది. ఊరికి ఈ చివర పాత విమానాశ్రయం, ఆ చివర కొత్తది. మధ్య యాభై ఎనిమిది కిలోమీటర్లు. గంటా పది నిమిషాలంటోంది ఫోను. కౌంటరు మూసేయడానికి ఉన్నది గంటా పావు. అవతల పోయిన అమ్మని మూడింటిదాకా ఉంచుతామనీ, ఆ పైన తమ వల్ల కాదనీ నిన్ననే చెప్పాడు తమ్ముడు.

“గంటా పది ఫోను లెక్కమ్మా. రోడ్డు లెక్క వేరే” అన్నాడు డ్రైవరు.

మొదటి విమానం దిగాక పది నిమిషాలు వృథా అయ్యాయి. విమాన సంస్థలో తన సభ్యత్వం నంబరు టిక్కెట్టుకి ఎక్కిందో లేదోనని భర్త కౌంటరు దగ్గర నిలబడి మరీ చూసుకున్నాడు. బ్యాగుకి వేలాడే ఆ సభ్యత్వం తాలూకు వెండిరంగు బిళ్ళ వెల్లకిలా పడితే సరిచేశాడు కూడా. ఆ ఇంట్లో టీవీ రిమోటూ, ప్రయాణం టిక్కెట్లూ ఆయన శాఖ. ఆమెది సర్దడమూ, వెంట నడవడమూ.

సగం దారిలో ఓ లారీ అడ్డం తిరిగి ఉంది. ఫోను తన లెక్కకి ఇంకో తొమ్మిది నిమిషాలు కలిపింది. భర్త తన లెక్కకి తమ్ముడి చిన్నప్పటి తెలివితక్కువతనాలన్నీ కలిపాడు. టిక్కెట్టు తీసేముందు దూరం చూసుకోనివాడికి ఆ కొట్టెందుకట, ఇలాంటివాణ్ణి నమ్ముకుని జనం ఎలా తిరుగుతున్నారట. ఆమె ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని, కారుని తనే తోస్తున్నట్టు కూర్చుంది.

నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. కౌంటరు అమ్మాయి తెర చూపించింది, అయ్యో అంది, మళ్ళీ విమానం సాయంత్రం ఆరింటికేనంది.

ఆమె అక్కడే సూటుకేసు మీద కూలబడి తమ్ముడి నంబరు నొక్కింది. దారి పొడుగునా తిట్టిన మనిషికి ఉన్నట్టుండి జాలి పుట్టుకొచ్చింది.

“ఇప్పుడెందుకులే, పాపం. వాడసలే దుఃఖంలో ఉంటాడు.”

ఆమె వినలేదు.

“అమ్మ ముఖం నాకు చూపించడం ఇష్టం లేకపోతే ఆ ముక్క ముందే చెప్పాల్సింది కదరా.”



“నేను తీసింది నేరుగా వచ్చేదే అక్కా. పదింటికల్లా అమ్మ దగ్గరుండేదానివి. నిన్న సాయంత్రం బావే ఫోన్ చేసి మార్పించాడు. మధ్యలో టైం చాలదు బావా అంటే, నేను చూసుకుంటాలే అన్నాడు. చుట్టు తిరిగి వస్తే ఆ విమానాల వాళ్ళిచ్చే గోల్డు కార్డుకి తక్కువైన మూడొందల మైళ్ళూ వచ్చేస్తాయట.”