అజారా జబ్బు

తన తల్లి అజారాను మళ్లీ ఊళ్లోకి రానివ్వమని నపారి ఊరి పెద్ద వాకిట్లో ఆమె తరఫున మాట్లాడాడు. మనుషుల్ని మరిచిపోతోందని, తనలో తనే గొణుక్కుంటోందని ఆ ఊరే ఆమెకు మంత్రగత్తె అని ముద్ర వేసి, అలా వెలివేసిన ఆడవాళ్లు తలదాచుకునే మంత్రగత్తెల వాడకు తరిమేసింది. తమాలె పట్నంలో ఆమె నెత్తురు పరీక్షించిన డాక్టరమ్మ అది మెదడు జబ్బని తేల్చింది.

“మెదడులో ఒక కణం చెడిపోతే, ఆ చెడు కంటికి కనబడని తిత్తుల్లో చేరి పక్క కణానికి పోతుందంట. ఆ తిత్తులే అమ్మ నెత్తుర్లో దొరికాయంట,” అన్నాడు నపారి.

“అంటే అంటుకుంటదన్నమాట,” అన్నాడు పెద్ద.

“తల లోపలే అయ్యా. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి రాదు.”

పెద్ద ఆమెను ఊళ్లోకి రానిచ్చాడు గానీ, ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అజారా ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ఆమె నీళ్లు పట్టిన బోరింగు దగ్గరికి జనం రావడం మానేశారు. నపారి భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఒక మధ్యాహ్నం ఎవరో అజారా గుడిసె కప్పుకు నిప్పు పెట్టారు.

నపారి తల్లిని బండి వెనక కూర్చోబెట్టుకుని మళ్లీ ఆ వాడకే వెళ్లాడు. అక్కడి పెద్దామె వాళ్లను బయటే ఆపేసింది.

“అంటురోగమంట కదా నాయనా. మేమంతా ఒకే గిన్నెలో తినేవాళ్లం. మంత్రగత్తెలైతే ఎందరొచ్చినా కాదనను.”

నపారి తల్లి వైపు చూశాడు. అజారా, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు, మర్యాదగా నవ్వింది.

“రోగమేం లేదమ్మా,” అన్నాడతను. “ఈమె మంత్రగత్తే.”