టిక్కుమనే కెమెరా

కొత్తగా నేర్చుకునేవాళ్లకు చవకలో ఏ మిర్రర్‌లెస్ కెమెరా మంచిదన్న విషయం మీద నేను మూడు వారాలు ఘోర తపస్సు చేశాను. ఆ జ్ఞానమంతా షాపులో అక్క ముందు కుమ్మరించాను.

అక్క వినిపించుకోలేదు. కళ్లు మూసుకుని ఒక్కో కెమెరానూ వేళ్లతో తడిమింది. బటన్లన్నీ టచ్‌స్క్రీన్‌లోనే ఉన్నవాటిని పక్కకు నెట్టేసింది.

“టమాటాలు ఏరుతున్నావా?” అన్నాను. షాపాయన నవ్వాడు.

చివరికి ఒక పాత మోడల్ దగ్గర ఆగింది. పైనున్న చక్రం తిప్పితే టిక్కు టిక్కుమంది.

“ఇది చాలురా. బటన్లు చేతికి తెలుస్తున్నాయి. నా చూపు ఏడాదికి మించి ఉండదని కళ్ల డాక్టరు నిన్న తేల్చేసింది.”

“మరి... కెమెరా ఎందుకక్కా?”

“తీస్తాను. ఎలా వచ్చాయో నువ్వు చూసి చెప్పు. జాలిపడి బాగున్నాయనకు. ఇందాకటిలాగే వెక్కిరించు.”