నోరు మెదపని సభ్యుడు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకి ఏడాది నిండిందని మేడ మీద కుర్చీలు వేసి సభ పెట్టాం. పాడైన లిఫ్టు గురించి, ఎవరి బండి ఎవరి చోట పెట్టారన్నదాని గురించి ఏడాదంతా ఫోన్లలో జుట్లు పట్టుకున్నవాళ్లం, ఎదురెదురుగా కూర్చునేసరికి ఒకటే మర్యాదలు.

సెక్రటరీగారు మైకు అందుకున్నారు.

"ఇంత రచ్చలోనూ గ్రూపులో నోరు మెదపని పెద్దమనిషి ఒక్కరే. మా ఎదురింటి టైలరుగారు! ఈ ఏడాది ఉత్తమ సభ్యుడు ఆయనే!"

చప్పట్లు మోగిపోయాయి. టైలరుగారు మాత్రం లేరు. కాసేపటికి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. రెండు బస్సులు మారాల్సి వచ్చింది."

"మూడో అంతస్తు నుంచి మేడ మీదికి రెండు బస్సులా?" అన్నారు సెక్రటరీగారు. అందరం పడీ పడీ నవ్వాం.

"ఇల్లు ఖాళీ చేసి ఆర్నెల్లయిందండీ," అన్నారాయన మొహమాటంగా.

ఎక్కడి నవ్వులు అక్కడే ఆగిపోయాయి.

"అదేమిటండీ, ఎదురింట్లో ఉండి మాట మాత్రమైనా చెప్పకుండా వెళ్లిపోతారా?" సెక్రటరీగారు నొచ్చుకున్నారు.

"చెప్పానండీ. 'రేపు ఇల్లు మారుతున్నాం, అందరికీ సెలవు' అని గ్రూపులో పెట్టాను." టైలరుగారు కాస్త నసిగారు. "మీరు వెంటనే చప్పట్ల బొమ్మ కూడా పెట్టారు కదా."