దశరథం తొలి కేసు

దశరథం వకీలు బోర్డు ఎండకు ఎండింది, దుమ్ము పట్టింది, దాని మీద పిచ్చుకలు కూడా తమ అభిప్రాయం చెప్పి వెళ్లాయి. కేసు మాత్రం ఒక్కటీ రాలేదు.

నాగర్‌కర్నూల్‌లో అందరికీ ముసలి వకీళ్లే కావాలి. ఈ నెల కూడా ఎవరూ రాకపోతే కోటు మడిచిపెట్టి, వనపర్తి పోయి మామ బట్టల దుకాణంలో గజం కర్ర పట్టుకోవాలి. మామ ఆ కర్రను తుడిచి సిద్ధంగా పెట్టాడట కూడా.

అట్లాంటి పొద్దున, తెలకపల్లి అవతలి పల్లె నుంచి ఈదమ్మ వచ్చింది. గడప దాటకముందే ఏడుపు.

"సారూ, ఎద్దు కుమ్మింది. కాలు రెండు తావుల ఇరిగింది. మనిషి దవాఖానల పడ్డడు. గా కాలు బాపతు మాకున్న ఎకరం చెలక పోయేటట్టుంది. మీరే జర..."

"ఆగమ్మా, ఆగు!" దశరథం గబగబా కోటు తొడుక్కున్నాడు. హైదరాబాద్‌లో చదివిందంతా ఎన్నాళ్లుగానో గొంతులోనే కూర్చుని ఉంది మరి. "దెబ్బ తగిలితే పరిహారం అడిగే హక్కుంటది. కని దావా ఏడాది లోపల వెయ్యాలె. దాటిందంటె పైస రాదు."

ఈదమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "రాదా?"

"రాదు. ఎప్పుడు కుమ్మింది?"

"మొన్న ఏరువాక పున్నంకు."

"ఇంకేంది, బోలెడు టైముంది! పరేషాన్ గాకు."

ఈదమ్మ మళ్లీ కొంగు నోట్లో కుక్కుకుంది.

భర్త మీద ఎంత ప్రేమో పాపం, అనుకున్నాడు దశరథం.

"ఎద్దు పొగరుదని తెలిసి కూడ ఆసామి పట్టించుకోలేదని మనం రుజువు చెయ్యాలె. పొగరుదేనా?"

"అయ్యో! గంగిగోవు సారూ. పోరగాండ్లు దాని తోక పట్టుకొని ఆడుతరు."

"గట్ల చెప్పొద్దమ్మా! సరే, కుమ్మినప్పుడు మనిషి ఏం చేస్తుండె?"

"దాన్ని బండికి కడుతుండె."

"ఏరువాక నాడా?"

దశరథం కలం ఆగిపోయింది. ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి, కడుపునిండా పెడతారు. బండికి మాత్రం ఎవరూ కట్టరు.

"ఎద్దన్న ఆయనదేనా?"

"యాడిది! అడగనన్న అడగలే సారూ. కొట్టంలకెళ్లి ఇప్పుకపోయిండు. అది రానని మొరాయిస్తె కట్టె తీస్కొని మూతి మీద కొట్టిండు. కుమ్మదా మరి?"

దశరథం కలానికి మూత పెట్టేశాడు. కళ్ల ముందు గజం కర్ర మెరిసింది.

"ఇదంత ఎవలన్న చూసిండ్రా?" అన్నాడు భయం భయంగా.

"ఊరంత చూసింది! మీరు ఊ అంటె సాక్ష్యానికి బండ్లు కట్టుకొని వస్తరు."

మొగుడి కేసును ఇంత సంబరంగా ముంచే ఆడమనిషిని దశరథం పుస్తకాల్లో కూడా చదవలేదు. అయినా అబద్ధం చెప్పి కేసు పట్టడం ఆయనకు చేతకాదు.

"ఈదమ్మా, ఉన్నమాట చెప్త. ఇంకొకరి ఎద్దును అడగకుండ తోలుకపోయి, కొట్టి, కుమ్మించుకుంటె తప్పు తనదే. ఏ మున్సిఫూ పైస ఇప్పియ్యడు."

"నిజంగ ఇప్పియ్యడా?"

"ఇప్పియ్యడు."

"ఒట్టు?"

"ఒట్టమ్మా."

ఈదమ్మ పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. దుఃఖం మరీ ఎక్కువైతే కొందరు ఇట్లాగే నవ్వుతారని దశరథం ఎక్కడో విన్నాడు. జాలేసింది. కోటు విప్పి మేకుకు తగిలించాడు.

"ఇంటికి పోయి మీ ఆయనను జర మంచిగ చూసుకోమ్మా," అన్నాడు మెల్లగా.

"మా ఆయనకేమైంది సారూ, బయట మీ అరుగు మీదనే కూసొని చుట్ట తాగుతుండు, కాలిరిగింది చెలక రాసియ్యమంటున్న మా ఊరి పటేలుకు, ఎద్దేమో మాది!"